రాని మనిషి వాటా

“ఆ కుండ కడిగేస్తానమ్మా. వాసన పట్టేస్తుంది,” అన్నాడు షియాంగ్ ముసలాయన.

చేతులకు బేడీలు పడ్డ మనిషి అడగాల్సిన కోరిక కాదది. మంచినీళ్లు అడగొచ్చు, ఇంటికి కబురు పంపమనొచ్చు, నేనేం చెయ్యలేదు మొర్రో అని ఏడవొచ్చు. మెడ మీద హత్యకేసు వేలాడుతుంటే ఎంగిలి కుండ గురించి బెంగపెట్టుకున్న మనిషిని రాన్ సుచ్యోంగ్ తన పోలీసు ఉద్యోగంలో ఇదే మొదటిసారి చూడటం. ఆమె ఆ మాటను మనసులో ఒక పక్కన పెట్టుకుంది.

“కుండ సంగతి తర్వాత బాబాయ్. ముందు కూర్చోండి,” అంది.

ముసలాయన గోడవారనున్న పొట్టి బెంచీ మీద కూలబడ్డాడు. బాంబులకు భయపడి జనం కొండ తొలిచి దాక్కున్న కాలంనాటి సొరంగం అది. యుద్ధం పోయింది, సొరంగం మిగిలింది. అందులో షియాంగ్ వాళ్ల నాన్న ఒక పొయ్యి పెట్టి, గొడ్డు కొవ్వులో ఎండుమిర్చి, నాలుక తిమ్మిరెక్కించే మిరియాలు వేయించి, బల్ల మీదే మరిగే పులుసులో ముక్కలు ముంచుకు తినే మరుగుకుండ హోటలు తెరిచాడు. ఇన్నేళ్లలో మారినదల్లా బొగ్గు పోయి గ్యాసు రావడమే. గోడలు మాత్రం ఆ ఘాటును తాగి తాగి, పొయ్యి వెలిగించకపోయినా ముక్కు మండించేవి.

నిన్న సాయంత్రం ఈ సొరంగంలోనే, అదిగో ఆ బల్ల దగ్గరే, కౌ మింగ్దా అనే పెద్దమనిషి చచ్చిపడి ఉన్నాడు. ఊళ్లో సగం మరుగుకుండ హోటళ్లు ఆయనవే. ఈ సొరంగాన్ని కూడా కొనేసి తన బోర్డు తగిలించాలని ఏడాదిగా షియాంగ్ వెంట పడుతున్నాడు.

“అయిందా అక్కగారూ, పలకరింపులు?”

వాకిలి దగ్గర నిలబడి అడిగినవాడు లువాన్ ఖాయ్. నగర పోలీసు కార్యాలయం నుంచి దిగిన కుర్ర అధికారి. ఉత్తరాదివాడు. ఈ ఊరికి వచ్చి నాలుగేళ్లయినా కారం ముట్టడు. మంచి తెలివైనవాడే, కాకపోతే ఆ తెలివి మీద వాడికున్నంత గౌరవం ఇంకెవరికీ లేదు. సుచ్యోంగ్ పేటస్టేషనులో పనిచేసే పాత మనిషి. వాళ్లిద్దరికీ పడదన్న సంగతి స్టేషనులో టీ తెచ్చేవాడికి కూడా తెలుసు.

“ఇంకా మొదలే పెట్టలేదు నాయనా,” అంది సుచ్యోంగ్.

“మొదలుపెట్టడానికేముంది? చచ్చినాయన సారా కప్పులో వసనాభి విషం దొరికింది. మీ బాబాయి ఇంట్లో మోకాళ్లకు రాసుకునే వసనాభి సారా సీసా దొరికింది. పోయిన నెల పదిమంది ముందు, ‘నా సొరంగంలో నువ్వు తిన్నరోజే నీకు ఆఖరి రోజు’ అని కౌ మీద కేకలేశాడు. నిన్న మధ్యాహ్నం కౌ ఒక్కడే వచ్చాడు. ఒకటే గిన్నె, ఒకటే జత తినే పుల్లలు, ఒకటే కప్పు. వడ్డించింది ఈయన. ఇంకేం కావాలి? పన్నెండింటికి వ్యాను వస్తుంది, తీసుకుపోతాను. మీకు పాత చుట్టరికం కాబట్టి అంతదాకా ఆగుతున్నా.”

“మోకాళ్ల నొప్పులున్న ప్రతి ముసలాడి ఇంట్లోనూ ఆ సీసా ఉంటుంది లువాన్. మా అమ్మకీ ఉంది. ఆవిడనీ ఎక్కిస్తావా వ్యాను?”

“మీ అమ్మగారు కౌకి భోజనం పెడితే ఎక్కిస్తా.”

వాడి పక్కనున్న పోలీసు నవ్వాపుకోలేక దగ్గాడు. సుచ్యోంగ్‌కూ నవ్వొచ్చింది కానీ బయటపెట్టలేదు. ముసలాయన ముందు బెంచీ లాక్కుని కూర్చుంది.

“చెప్పండి బాబాయ్. కౌ ఎన్నింటికి వచ్చాడు?”

“రెండు దాటాక. మధ్యాహ్నం కొట్టు కట్టేసే వేళ. ముందురోజే ఫోన్ చేసి, కుండ పెట్టి ఉంచు, జనం ఉండకూడదు అన్నాడు.”

“మీకు గిట్టని మనిషి. ఎందుకొప్పుకున్నారు?”

“తిండికొచ్చినవాణ్ణి పొమ్మంటామా? అలవాటు లేదు మాకు.”

“తర్వాత?”

“పొయ్యి వెలిగించా. పళ్లేలు పెట్టా. మిరపకాయలు తెచ్చుకుందామని బజారుకెళ్లా. నాలుగున్నరకి వచ్చేసరికి బల్ల మీద తల పెట్టేసి ఉన్నాడు. నిద్రనుకున్నా.”

మిరపకాయల కొట్టువాడు అవునన్నాడు, ముసలాయన తన దగ్గర గంటకు పైగా బేరమాడాడని. అయితే అది ఎందుకూ పనికిరాదు. విషం కప్పులో పోసి బజారుకు పోతే ఎవరు కాదన్నారు అని లువాన్ నిన్ననే కొట్టిపారేశాడు. కౌ ఒంటరిగా తిన్నాడన్నంత వరకూ ముసలాయనకు దారి లేదు. ఎదురుగా ఇంకొకరు కూర్చున్నారని తేలితే తప్ప ఆ వ్యాను ఆగదు.

“మీరు బజార్లో ఉన్నప్పుడు ఇంకెవరైనా వచ్చి ఉండొచ్చు కదా?”

“రాలేదు.”

“మీరిక్కడ లేరు బాబాయ్. రాలేదని ఎలా తెలుసు?”

“తలుపు... తాళం వేసి వెళ్లా.”

“భోజనం చేసే మనిషిని లోపల పెట్టి తాళమా?”

“ఒక్కడే వచ్చాడమ్మా. రాసుకో. ఒక్కడే.”

లువాన్ చప్పట్లు కొట్టినంత పని చేశాడు. “విన్నారా? మనం గొయ్యి తవ్వక్కర్లేదు, ఆయనే తవ్వుకుంటున్నాడు.”

సుచ్యోంగ్ ముసలాయన ముఖంలోకి చూసింది. తను బతకడానికి అబద్ధమాడేవాళ్లను ఆమె వందలమందిని చూసింది. ఈయన మునిగిపోవడానికి ఆడుతున్నాడు. ఎవరో వచ్చి ఉండొచ్చు అన్న చిన్నమాట అంటే చాలు, సగం బయటపడతాడు. ఆ మాట పళ్ల మధ్య బిగబట్టుకుని కూర్చున్నాడు. చిన్నప్పుడు ఆమె చేతిలో వేయించిన వేరుశనగపప్పు పోసి, మీ అమ్మకు చెప్పకే అని కన్నుకొట్టిన మనిషి. ఆయన చేతులకు ఇప్పుడు బేడీలున్నాయి. ఆమె లేచి బల్ల దగ్గరకు నడిచింది.

బల్ల నిన్న ఎలా ఉందో అలాగే ఉంది. కౌ కూర్చున్న వైపు వెల్లుల్లి వేసిన నువ్వుల నూనె గిన్నె, దాని పక్కన పుల్లలు. సారా కప్పు పరీక్షకు పోయింది. ఎదురు వైపు శుభ్రంగా తుడిచి ఉంది. చుట్టూ పళ్లేలు. బోటి పళ్లెం ఖాళీ. బాతు నెత్తురు గడ్డల పళ్లెం ఖాళీ. బంగాళాదుంప ముక్కలు సగం ఉన్నాయి. బాతు పేగుల పళ్లెం ఖాళీ.

ఆ పళ్లెం దగ్గర ఆమె ఆగింది.

“కౌకి కట్టుడుపళ్లు. రబ్బరులా సాగే బాతు పేగులు ఎలా నమిలాడు?”

“నమలకుండా మింగాడేమో. మరుగుకుండ అంటే బోటీ, బాతు పేగులూ లేకుండా బల్ల పరవరని మీరే కదా నాకు పాఠం చెప్పారు? పళ్లెం ఉన్నంత మాత్రాన ఎవరో వచ్చారనుకోవాలా?”

“పళ్లెం ఉన్నందుకు కాదు, ఖాళీ అయినందుకు.”

“కుక్కకు వేశాడనుకోండి. కోర్టులో పేగులు సాక్ష్యం చెప్పవు అక్కగారూ.”

వాడన్నది నిజమే, అది చాలదు. ఆమె కుండ మీదకు వంగింది.

నిన్నటి ఎర్రటి పులుసు రాత్రి చలికి గడ్డకట్టి ఉంది. గొడ్డు కొవ్వు అంతే. మంట మీద ఉన్నంతసేపు కుతకుతలాడుతుంది, మంట తీసిన రెండు మూడు గంటల్లో ఇటుకలా బిగుసుకుంటుంది. కుండలో నిలువూ అడ్డమూ రేకులతో చేసిన తొమ్మిది గళ్ల చట్రం ఉంది. దాని అంచులు మాత్రం కొవ్వు పైకి తేలి కనిపిస్తున్నాయి. లువాన్ మనుషులు పైనుంచి ఒక చెంచాడు గీరి తీసుకుపోయారు. పులుసులో విషం లేదని తేలింది. అక్కడితో కుండ మీద వాళ్లకు సరదా తీరిపోయింది.

ఆ తొమ్మిది గళ్లను చూడగానే సుచ్యోంగ్ మళ్లీ తొమ్మిదేళ్ల పిల్లయిపోయింది.

అప్పుడు ఒక కుండ అంటే ఒకరి కుండ కాదు. రేవులో కావడి మోసే కూలీలు, పడవలవాళ్లు, దారినపోయేవాళ్లు, ఎవరికెవరూ ఏమీకాని మనుషులు ఒకే కుండ చుట్టూ కూర్చునేవారు. తలా ఒక గడి. నీ గడిలో నీ తిండి, పక్కగడిలో పుల్ల పెడితే గొడవే. నాన్న కూడా కావడి మోసేవాడు. కూలి డబ్బులు అందిన సాయంత్రం వెదురుకర్ర గోడకు ఆనించి, అన్నయ్య గ్వాంగ్లిన్‌ను పక్కన కూర్చోబెట్టుకునేవాడు. షియాంగ్ బాబాయి పులుసు పోసేవాడు. ఎదురుగడి కౌ మింగ్దాది. అప్పుడు అతనూ కావడి మోసినవాడే. తన ముక్కలు అయిపోయాక ఎదుటివాళ్ల ముక్కలకు ఆశపడేవాడని అందరూ వేళాకోళం చేసేవారు.

చమత్కారం ఏమిటంటే ఆ చట్రానికి అడుగు ఉండదు. పైన గోడలే, కింద పులుసంతా ఒక్కటే. నీ ముక్క నీ గడిలో మునిగి, అడుగునుంచి పాకి పక్కవాడి గడిలో తేలుతుంది. తేలినదాన్ని వాడు తినేస్తే ఏ పంచాయితీలో అడుగుతావు? అందుకని ఎవరి గుర్తు వాళ్లు పెట్టుకునేవారు. ఒకడు పుల్ల గుచ్చేవాడు, ఒకడు దారం చుట్టేవాడు. కొందరు బాతు పేగులను ఉల్లికాడతో కట్టకట్టి, కాడ కొసను చట్రం అంచుకు ముడివేసి గడిలోకి వేలాడదీసేవారు. నాన్న అలాగే కట్టేవాడు. సుచ్యోంగ్ బడి నుంచి కొండమెట్లు దిగి వచ్చేసరికి ఎప్పుడూ ఆలస్యమే. అప్పటికి పళ్లేలు ఖాళీ. అయినా గోడవైపు మూలగడిలో ఒక కట్ట వేలాడుతూ ఉండేది. “రాని మనిషి వాటా అది, ఎవడూ ముట్టకండ్రా,” అని నాన్న అందరికీ ముందే చెప్పి ఉంచేవాడు. ఎవడూ ముట్టేవాడు కాదు. కౌ కూడా.

ఆ బల్ల దగ్గర ఎంత కారం తిన్నా కళ్లలో నీళ్లొచ్చేవి కావు ఆమెకు. ఇప్పుడు ఖాళీ బల్ల దగ్గర నిలబడితే వస్తున్నాయి. తర్వాత నాన్న పోయాడు. తర్వాత అన్నయ్య. ఇసుకపడవ మీద కౌతో కలిసి నదిలో కిందికి వెళ్లాడు. కొండల ఇరుకులో పడవ తిరగబడిందని చెప్పడానికి కౌ ఒక్కడే ఒడ్డుకు వచ్చాడు. శవం దొరకలేదు. అమ్మ మూడేళ్లు ఎదురుచూసి, చివరికి నాన్న పేరుపలక పక్కనే కొడుకు పేరుపలక పెట్టి అగరుబత్తి వెలిగించింది.

“నిద్రపోయారా?” అన్నాడు లువాన్.

“టార్చి ఇలా ఇవ్వు.”

ఆమె కుండ మీద పక్కవాటుగా వెలుగు వేసింది. ఎనిమిది గళ్లలో కొవ్వు నున్నగా ఉంది. గోడవైపు మూలగడిలో మాత్రం చట్రం అంచు దగ్గర కొవ్వు కాస్త ఉబ్బి, ఆ ఉబ్బులోంచి వేలిగోరంత ఆకుపచ్చ కనిపిస్తోంది.

“అమ్మాయ్!” వెనకనుంచి ముసలాయన గొంతు చీరుకుపోయింది. “వద్దమ్మా. దాన్ని వదిలెయ్యి. నేనే చంపాను. రాసుకోండి, నేనే చంపాను!”

లువాన్ కళ్లు మెరిశాయి. “ఒప్పుకున్నాడు. ఇంకేంటి?”

“నువ్వే అన్నావుగా, టైముందని. వ్యాను రానీ,” అంది సుచ్యోంగ్. వేళ్లకు తొడుగులు వేసుకుంది. “ఏమయ్యా పోలీసూ, కెమెరా పట్టుకుని ఇటు రా. నేను చేసేదంతా తియ్యి. తర్వాత ఈ లువాన్ సారు నేనే పెట్టానంటాడు.”

చట్రం అంచు చుట్టూ కత్తితో కోసింది. రెండు చేతులా పట్టుకుని ఊపింది. మొదట కదల్లేదు. ఇంకోసారి ఊపితే చప్పుడు చేస్తూ ఊడివచ్చింది, తొమ్మిది గళ్లలో తొమ్మిది ఎర్రటి కొవ్వుదిమ్మలతో సహా. కింద నీళ్లపులుసు తళతళలాడింది. ఆ పాత ఘాటు ఒక్కసారిగా లేచి సొరంగమంతా నిండింది. లువాన్ ముక్కు మూసుకున్నాడు. సుచ్యోంగ్ మాత్రం గుండెల నిండా పీల్చుకుంది.

మూలగడి దిమ్మను వేళ్లతో పగలగొట్టింది. లోపల ఉన్నది వేలెడంత కట్ట. బాతు పేగులు. నడుముకు ఉల్లికాడ బిగించి, కొసను చట్రం అంచుకు కట్టి ఉంది.

“లువాన్, దగ్గరికి రా నాయనా. ముక్కు తర్వాత మూసుకుందువు. ఇదేంటి?”

“పేగులు. ఇందాకటి పేగులే.”

“దీని నడుముకు కట్టింది?”

“ఉల్లికాడ. అలంకారమేమో.”

“ఈ ఊళ్లో తిండికి అలంకారం చెయ్యరు, తినేస్తారు. ఇది గుర్తు. ఈ ముక్క నాది, పక్కవాడు ముట్టకూడదు అని పెట్టుకునే గుర్తు. ఈ చట్రానికి అడుగులేదు, చూశావుగా. ఒకడి ముక్క ఇంకొకడి గడిలోకి పోతుంది కాబట్టి కట్టుకునేవాళ్లు. ఇప్పుడు చెప్పు. కుండ దగ్గర కౌ ఒక్కడే కూర్చుంటే, తన ముక్క తనకే దక్కాలని ఎవరిమీద అనుమానంతో కట్టుకున్నాడు?”

లువాన్ ముక్కు మీంచి చెయ్యి తీశాడు.

“ఒంటరిగా తినేవాడికి తొమ్మిది గళ్లూ తనవే. ఇది ఇంకెవరిదీ కాదని గుర్తెందుకు కట్టాలి? ఈ కట్ట ఉందంటే బల్ల దగ్గర ఇద్దరున్నారు. రెండోవాడు తన గిన్నె కడిగేసి, దొంతర మీద బోర్లించి, బల్ల తుడిచి వెళ్లిపోయాడు. నీకు ఒక గిన్నె కనిపించింది కాబట్టి ఒక మనిషే అనుకున్నావు.”

“ముసలాయనే కట్టి ఉండొచ్చు, వడ్డించేటప్పుడు.”

“పొయ్యి వెలిగించాక వడ్డించి బజారుకు పోయాడు. అప్పుడు కట్టి ఉంటే కౌ తిన్నంతసేపూ ఇది మరుగుతూనే ఉండాలి. అంతసేపు మరిగిన పేగు ఇనపతీగలా గట్టిపడి ముడుచుకుపోతుంది. దీన్ని ముట్టుకుని చూడు. సగం పచ్చిగా, సాపుగా ఉంది. మంట ఆర్పేశాక, పులుసు వేడిగా ఉండగానే వేలాడదీశారు. అప్పటికి కౌ తల బల్ల మీద ఉంది. బాబాయి మిరపకాయలు బేరమాడుతున్నాడు. మూడో మనిషి ఒకడున్నాడు లువాన్. కాదంటే నువ్వు చెప్పు, వింటా.”

లువాన్ వంగి చాలాసేపు చూశాడు. వాడిలో ఒక మంచిగుణం ఉంది. ఓడిపోయినప్పుడు ముఖం ఎర్రబడుతుంది కానీ వాదన పొడిగించడు. జేబులోంచి తాళంచెవి తీసి, ముసలాయన బేడీలు విప్పాడు.

“సాక్షిగా ఉంచుతాను,” అన్నాడు గట్టిగా. “ముద్దాయిగా కాదు. అంతవరకే.”

“అంతవరకు చాలు.”

సుచ్యోంగ్‌కు ఒళ్లంతా తేలికయింది. ఎన్నాళ్లకో ఒక మంచిపని చేసినట్టనిపించింది. నాన్న ఉంటే గోడకు కర్ర ఆనించి, మా పిల్ల చూడండ్రా అని రేవంతా వినిపించేలా అరిచేవాడు. ఆమె నవ్వుతూ ముసలాయన వైపు తిరిగింది.

ముసలాయన నవ్వడంలేదు. బేడీలు విప్పిన చేతులను ముఖానికి అడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. ఉరి తప్పిన మనిషి ఏడుపులా లేదది.

“ఒక్క సంగతి నాకు అర్థంకావడంలేదు,” అంటున్నాడు లువాన్, కుండ చుట్టూ తిరుగుతూ. “గిన్నె కడిగాడు. తన కప్పు కడిగాడు. బల్ల తుడిచాడు. అంత జాగ్రత్తపరుడు, మంట ఆర్పాక, చచ్చిన మనిషి ఎదురుగా కూర్చుని పేగులకు ముడి వేశాడు. తినడానికి కాదు, తినకుండానే పోయాడుగా. మరి దీన్ని ఎలా మరిచిపోయాడు?”

సుచ్యోంగ్ నవ్వు అలాగే ఆగిపోయింది.

ఆమె కట్టను చూసింది. కొవ్వు ఇంకా అంటుకుని ఉంది. బొటనవేలితో మెల్లగా గీరింది. ఇందాక గెలవాలన్న ఆత్రంలో ముడి ఉందని చూసింది కానీ ముడిని చూడలేదు. కాడ రెండు చుట్లు తిరిగింది. కొస రెండోచుట్టు కిందినుంచి దూరి ఎడమవైపుకు వచ్చింది. కావడి మూటల ముడి. నాన్న ఎడమచేతివాడు. ఆ ముడి ఆయన తన పిల్లలిద్దరికీ ఈ బల్ల మీదే ఉల్లికాడలతో నేర్పాడు. ఆమె వేళ్లకు అది ఎప్పుడూ రాలేదు. కుడిచేత్తో వేస్తే కొస అటువైపు పోయేది, అందరూ నవ్వేవారు. వచ్చింది ఒక్కడికే. వాడూ ఎడమచేతివాడే.

గడి ఏదో కూడా ఆమె ఇప్పుడు చూసింది. గోడవైపు మూల.

చట్రాన్ని బల్ల మీద పెట్టి, బెంచీ పట్టుకుని నిలబడింది. ఇరవై ఆరేళ్లుగా ప్రతి ఏడాదీ అమ్మ పక్కన మోకాళ్ల మీద కూర్చుని అగరుబత్తి వెలిగించింది. నదిని చూసినప్పుడల్లా తిట్టుకుంది. ఒడ్డుకు ఒక్కడే వచ్చిన కౌ వాళ్ల గుమ్మంలో ఏడ్చిన ఏడుపు గుర్తొచ్చింది. ఎంత బాగా ఏడ్చాడు. అమ్మ వాడికి అన్నం పెట్టి మరీ పంపింది.

నోరు మూసుకోవచ్చు. లువాన్‌కు ఈ ముడి ఏమిటో తెలియదు. పేటలో పాతవాళ్లు ఇద్దరు ముగ్గురు మిగిలారు, వాళ్లెవరూ చెప్పరు. కానీ అప్పుడు లువాన్ మళ్లీ మొదటికొస్తాడు. మూడో మనిషి దొరకని కేసులో ఉన్న మనిషి మెడకే తాడు పడుతుంది. ఆ ఉన్న మనిషి రాత్రంతా నోరు బిగబట్టుకుని కూర్చున్నది ఎందుకో ఆమెకు ఇప్పుడు తెలిసింది.

“అందుకేనా బాబాయ్ కుండ కడిగేస్తానన్నారు?” అంది.

ముసలాయన తలూపాడు. “రాత్రి స్టేషన్లో కూర్చుంటే వెలిగిందమ్మా. ఏదో కట్టిపోయుంటాడు వెధవ, ఊరుకోడు అని. నిన్న నాకు తోచలా.”

“ఎవరు?” లువాన్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. “ఎవరు కట్టిపోయింది? అక్కా, మీకు తెలుసా?”

ఎప్పుడూ ఎకసెక్కంగా అక్కగారూ అనేవాడు, ఇప్పుడు ఉత్తి అక్కా అన్నాడు. సుచ్యోంగ్ తొడుగులు తీసి బల్ల మీద పెట్టింది.

“మరిచిపోలేదు లువాన్. పెట్టి వెళ్లాడు. అది నా వాటా.”

“మీ వాటా ఏంటి?”

“ఈ కేసు ఇక నేను చూడకూడదు. నువ్వే రాసుకో. రాన్ గ్వాంగ్లిన్. మా అన్న. మేం కర్మకాండ కూడా చేసేశాం.”

లువాన్ కలం తీశాడు గానీ రాయలేదు. సొరంగం బయట వ్యాను హారను మోగింది. ఎవరూ అటు చూడలేదు.

షియాంగ్ ముసలాయన లేచి వచ్చి, ఆమె తలమీద చెయ్యి వేశాడు, తొమ్మిదేళ్ల పిల్ల మీద వేసినట్టు.

“నేను బజారు నుంచి వచ్చేసరికి వాడు తలుపు దగ్గరున్నాడమ్మా. తలంతా నెరిసిపోయింది. నన్ను చూసి పారిపోలేదు. నేను అడిగినదానికి ఒక్కదానికీ జవాబు చెప్పలేదు. వెళ్తూ వెళ్తూ వాడే ఒకమాట అడిగాడు. ‘చెల్లి ఇంకా ఆలస్యంగానే వస్తుందా బాబాయ్?’ అని.”